ఎదుటి కుర్చీలో మనిషి

ఫోను మోగేసరికి కుందన రెండు చేతులకీ గోరింటాకు ఉంది.

అరచేతుల్లో చందమామలు, వాటి చుట్టూ చుక్కలు, పది వేళ్ళకీ టోపీలు. ఆషాఢం వచ్చి మూడోరోజు. కొత్త పెళ్ళికూతుళ్ళు పుట్టింట్లో కాళ్ళు చాపుకుని చేతులు పండించుకోవాల్సిన నెల. అమ్మ పొద్దున్నే ఆకు దూసి, చింతపండు వేసి రుబ్బి, కదిలితే వీపు విమానం మోత మోగుతుందని చెప్పి మరీ పెట్టింది. అరుగు మీద ఫోను గుర్రుమంటూ అంచుదాకా పాకుతుంటే కుందన బోర్లా వంగి ముక్కుతో నొక్కింది. తప్పుచోట పడింది. నాలుగోసారికి మెసేజీ తెరుచుకుంది.

"అమ్మా! ఇంటర్వ్యూకి పిలిచారు! పరివర్తన కేంద్రం నుంచి! ఖైదీలకి కౌన్సెలరు ఉద్యోగం! ఈ సోమవారం కాదు, పై సోమవారం!"

"చెయ్యి కదపకు!" అంది అమ్మ వంటింట్లోంచి. అన్నాక అర్థమై, కొంగు దోపుకుంటూ పరుగెత్తుకొచ్చింది. "ఏటే, గవర్నమెంటుదే? ఎక్కడ?"

"విశాఖలోనే!"

ఆ మాటలో రెండు శుభవార్తలున్నాయి. ఎమ్మెస్సీ సైకాలజీ ప్యాసై రెండు నెలలైనా కాకుండానే పిలుపు రావడం ఒకటి. రెండోది, విశాఖలో భానోజీ ఉన్నాడు. పంతొమ్మిది రోజులు కాపురం చేశాక ఆషాఢం వచ్చిపడి, ఇద్దర్నీ చెరో ఊళ్ళో కూర్చోబెట్టింది.

"చదువుకోవాలి కదమ్మా, పుస్తకాలన్నీ అక్కడే ఉన్నాయి," అంది కుందన వీలైనంత అమాయకంగా.

"ఆ పుస్తకాలకి మీసాలున్నాయేటి?" అంది అమ్మ. కాసేపు గోడమీది క్యాలెండరు వంక చూసింది. దారి కూడా ఆవిడే కనిపెట్టింది. "ఆషాఢంలో అత్తగారి గడప తొక్కకూడదు గానీ, మీది అద్దె ఇల్లు. మీ అత్తగారు ఉండేది పలాసలో. ఎల్లు. వేరే వేరే గదుల్లో పడుకోండి మరి."

ఆ ఇంట్లో ఉన్నదే ఒక గది అన్న సంగతి కుందన చెప్పలేదు.

*

మద్దిలపాలెంలో రెండో అంతస్తు. ఒక గది, ఒక వంటిల్లు, కుర్చీ పడితే మనిషి పట్టని బాల్కనీ. గ్లాసులో రెండు బ్రష్షులు ఒకదానికొకటి ఆనుకుని ఉండటం చూస్తే కుందనకి ఇప్పటికీ నవ్వొస్తుంది. పెళ్ళిలో వచ్చిన ఆరు గాజు గ్లాసుల్లో ఒక్కటీ పగల్లేదు. భానోజీ టీ మొదటి గుక్క తాగగానే గుళ్ళో తీర్థం పుచ్చుకున్నవాడిలా కళ్ళు మూసుకుంటాడు. ఆ రెండు క్షణాల మొహం చూడటానికే ఆమె రోజూ టీ పెడుతుంది. బస్సు దిగి వచ్చిన పూట కూడా ముందు అదే చేసింది.

"ఎంతమందిని పిలిచారు?" అన్నాడు భానోజీ కళ్ళు తెరిచి.

"రెండొందలు దాటారు. ఖాళీలు ఆరు. రాత పరీక్ష అయిపోయింది కాబట్టి మామూలు ప్రశ్నలకి భయంలేదు భానూ. ఆ ప్రాక్టికల్ ఉంది చూడు, అదే."

ఆ ప్రాక్టికల్ సంగతి భానోజీకి ఆమెకన్నా బాగా తెలుసు. అందులో ఒంటికి కట్టే పట్టీలు బాగుచేసే ల్యాబులోనే అతను టెక్నీషియను. మర్నాడు పొద్దున అతను టిఫిన్ క్యారేజీ సంచీలోంచి తీసిన మూడు నల్లటి పట్టీలు చూసి కుందన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"తుక్కులో పడేసినవే. నేనే అతికించాను," అన్నాడు దొంగనవ్వుతో. "కోపం ముద్ర మాత్రం ల్యాబులోంచి కాపీ చేశాను. పదిహేడో నంబరు. ఎక్కువగా వాడేది అదే. ఎవరికీ చెప్పకు, చెబితే నా ఉద్యోగం ఊడుతుంది."

"ఎవరిది?"

"జైల్లో ఉన్న ఎవరో ఒకాయనది. పేర్లు మాకు చెప్పరు." ఒక పట్టీ ఆమె మెడ వెనక, రెండు ముంజేతులకి చుట్టాడు. "ఇందులో బొమ్మలుండవు, మాటలుండవు, కథ ఉండదు. కోపం ముంచుకొచ్చిన ఆ క్షణంలో ఆ మనిషి ఒళ్ళు ఎలా ఉందో అంతే. గుండె, ఊపిరి, కండరం. అది నీ ఒంటికి తొడుగుతుంది. తొమ్మిది నిమిషాలు. ఎదురుగా ఉన్న మనిషికి టీ పోసివ్వాలి, మాట్లాడాలి. చెయ్యి ఎత్తావో, ఇంటికే."

బల్ల లాగాడు. ఫ్లాస్కు, రెండు గ్లాసులు పెట్టాడు. తను ఎదుటి కుర్చీ బర్రుమని ముందుకి లాక్కుని కూర్చుని, ఆఫీసరులా గొంతు సవరించుకున్నాడు. "ఊఁ. మీ పేరు చెప్పండి." పట్టీ మీట నొక్కాడు.

కుందన నవ్వబోయింది. నవ్వు దవడ దగ్గర ఆగిపోయింది.

దవడ బిగిసింది. పళ్ళు ఒకదానిమీద ఒకటి నూరుకున్నాయి. మెడలోంచి వేడి భుజాల్లోకి, భుజాల్లోంచి మోచేతుల్లోకి సలసలా దిగింది. కుడిచెయ్యి తనంతట తానే ముడుచుకుంది. బొటనవేలు లోపలికి పెట్టి, దానిమీద నాలుగు వేళ్ళు. ఆమె జన్మలో అలా పిడికిలి బిగించలేదు. గుండె పక్కటెముకల్ని తన్నుతోంది. ఎందుకీ కోపం? కళ్ళు కారణం కోసం గదంతా వెతికి, ఎదుటి కుర్చీలో ఆగాయి. ఆ నవ్వు. ఆ సన్నటి మీసం. వీడు! వీడే!

ఫ్లాస్కు అందుకున్నానని అనుకుంది. గ్లాసు గోడకి తగిలి పగిలిన చప్పుడయ్యాక గాని, విసిరింది తనేనని తెలియలేదు. భానోజీ మీట ఆపేశాడు.

"నలభై సెకన్లు!" అన్నాడు, చెవి పక్కన గాజు పెంకు గీసిన చోట తడుముకుంటూ. "మొదటిసారికి చాలామంది ఇరవై కూడా ఆగరట."

కుందన అతని చెవి చూసింది, గోడ చూసింది. తర్వాత ఇద్దరికీ నవ్వాగలేదు. ఆరు గ్లాసుల్లో ఒకటి పోయింది. గోరింటాకు పండిన చేత్తోనే అతని చెవికి పసుపు అద్దింది.

"మా ల్యాబులో ఎదుటి కుర్చీలోకి రోజుకో మనిషిని మారుస్తారు," అన్నాడు భానోజీ పసుపు మంటకి మొహం చిట్లించి. "ఒకే మనిషి రెండోసారి కూర్చోకూడదని గోడమీద రాసి మరీ పెట్టారు. పాపం, ఎవరూ అలిసిపోకూడదని కాబోలు."

"మరి నువ్వు అలిసిపోవా?"

"పెళ్ళాం చేతి దెబ్బలకి అలిసిపోతే మగపుటక ఎందుకు?"

కుందన మళ్ళీ నవ్వింది. ఆ గోడమీది మాట ఎందుకు రాసి ఉంటారో ఇంకెవరికీ తట్టకపోయినా ఆమెకి తట్టాలి. ఆమె చదివిన చదువే అది. నవ్వులో పడి వదిలేసింది.

*

రోజుకి రెండుసార్లు. పొద్దున అతను ల్యాబుకి వెళ్ళేముందు ఒకసారి, సాయంత్రం వచ్చాక ఒకసారి. ప్రతిసారీ అదే కుర్చీ, అదే గొంతు సవరింపు, అదే "మీ పేరు చెప్పండి".

రెండోరోజు ఆమె చేతికి పచ్చడిబండ దొరికింది. భానోజీ తల వంచకపోయి ఉంటే నుదురు చితికేది. అతని వెనక గోడకి గుప్పెడంత గుంట పడి, సున్నం పొడి అతని జుట్టు మీద రాలింది. ఇంటి ఓనరుగారు కిందనుంచి కేకేస్తే, మేకు కొడుతున్నామని చెప్పారు. మూడోరోజు బల్ల మీదుగా దూకి అతని గొంతు పట్టుకుంది. ఒకచేత్తో ఆమె వేళ్ళు ఊడదీస్తూ రెండోచేత్తో అతను మీట వెతుక్కున్నాడు. అతని మెడమీద ఐదు వేళ్ళ గుర్తులు కమిలి నల్లగా తేలాయి. ల్యాబుకి మఫ్లరు చుట్టుకుని వెళ్ళాడు.

"ఎండాకాలం పోయి పదిరోజులు కాలేదు, మఫ్లరేటని అడిగారు," అన్నాడు సాయంత్రం. "కొత్త పెళ్ళికొడుకుని కదా, మెడమీద గుర్తుల గురించి గట్టిగా ఎవరూ అడగరు."

"ఛీ!" అని కుందన దిండు విసిరింది. ఆ విసరడంలో ఎంత ఆనందం ఉందో! తన సొంత చెయ్యి, తన సొంత కోపం, దూదితో నిండినది.

అయిదోరోజుకి ఏడు నిమిషాలు ఆగగలిగింది. కోపం రాకుండా ఆపడం కాదు, వచ్చినదాన్ని ఒంట్లోనే పట్టుకుని కూర్చోవడం. పట్టీ కింద ముంజేతుల నరాలు తాళ్ళలా పొంగేవి. చిగుళ్ళలోంచి నెత్తురు ఊరేది. భానోజీ ప్రశ్నల కాగితం చూసి చదివేవాడు, ఆమె పళ్ళ సందునుంచి జవాబులు చెప్పేది.

"క్లాసికల్ కండిషనింగ్ అంటే ఏమిటి?"

"కుక్కకి... అన్నం పెట్టేముందు... ప్రతిసారీ గంట కొడతారు. కొన్నాళ్ళకి... అన్నం లేకపోయినా... గంట వినబడితే చాలు... నోట్లో నీళ్ళూరతాయి. రెండూ... ముడిపడిపోతాయి."

"శభాష్. ఒంట్లో ఉద్రేకం పుడితే మనసు ఏం చేస్తుంది?"

"కారణం... వెతుక్కుంటుంది. ఎదురుగా... ఎవరుంటే... వాళ్ళే కారణం అనుకుంటుంది."

"పదికి పది!" అన్నాడు భానోజీ. "టీ పొయ్యి."

శుక్రవారం సాయంత్రం తొమ్మిది నిమిషాలూ పూర్తిచేసింది. టీ చుక్క ఒలకలేదు. ఆమెని ఎత్తుకుని ఆ ఉన్న ఒక్క గదిలోనే రెండు చుట్లు తిప్పాడు. అతని భుజం మీద గడ్డం ఆనించుకున్నప్పుడు ఆమె కుడిచేతి బొటనవేలు లోపలికి ముడుచుకుని ఉంది. పట్టీలు అప్పటికే విప్పేసి మంచంమీద ఉన్నాయి. ఆ సంగతి ఇద్దరూ చూసుకోలేదు.

*

శనివారం పొద్దున పెసరట్టు.

కుందన పొయ్యి దగ్గర నిలబడి కూనిరాగం తీస్తోంది. అట్టు అంచులు ఎర్రబడి పెనాన్ని వదులుతున్న చప్పుడు ఆమెకిష్టం. అల్లం వాసన, తడి జుట్టు, కిటికీలో ఎండ. భానోజీ స్నానం చేసి వచ్చి వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ బర్రుమని లాక్కున్నాడు. నీళ్ళలో నానిన గొంతు సవరించుకున్నాడు.

"ఊఁ. వడ్డించండి మేడం."

ఆమె వెనక్కి తిరిగింది. అతని మొహం కనబడింది.

మొదటి దెబ్బ అట్లకాడ అంచుతో కనుబొమ పైన పడింది. రెండోది చెంప మీద. కాలిన ఇనుము చర్మానికి అంటుకుని చుయ్యిమంది. భానోజీ సరదాగా చేతులడ్డం పెట్టాడు, ఇంకా నవ్వుతూనే. మూడోది, నాలుగోది ఆ చేతుల మీదే పడ్డాయి. కుర్చీ వెనక్కి ఒరిగి అతను నేలమీద పడ్డాడు. ఆమె మోకాలు అతని రొమ్ము మీద ఉంది. అట్లకాడ జారిపోతే పిడికిలి అందుకుంది, బొటనవేలు లోపల, పైన నాలుగు వేళ్ళు. పెదవి చిట్లిన స్పర్శ వేలి ఎముకలకి తెలిసింది. ఆమెకి అలుపు లేదు. జన్మలో ఎన్నడూ లేనంత బలంగా, తేలికగా, న్యాయంగా ఉంది.

"కుందూ! పట్టీ లేదు! కుందూ, పట్టీ లేదే!"

ఆ గొంతులో భయం ఉంది. ఇన్నాళ్ళూ ఎదుటి కుర్చీలోంచి ఎన్నడూ వినని భయం. అది కొత్త చప్పుడు కాబట్టే ఆమె చెయ్యి గాల్లో ఆగింది.

తన ముంజేతుల వంక చూసుకుంది. పట్టీలు లేవు. ఎర్రటి అరచేతులున్నాయి. ఎరుపులో గోరింటాకు ఎంతో, నెత్తురు ఎంతో తెలియలేదు. లేచి బాత్రూములోకి పరుగెత్తి గడియ పెట్టుకుంది. పెనంమీద అట్టు మాడి బొగ్గయ్యేదాకా పొయ్యి కట్టేసేవాళ్ళు లేరు.

చాలాసేపటికి తలుపు అవతల అతను కూలబడిన చప్పుడు వినిపించింది.

"నాలుగు కుట్లు వేశారు," అన్నాడు. పెదవి వాచి మాట ముద్దగా ఉంది. "మెట్లమీద జారానని చెప్పాను. తలుపు తియ్యి కుందూ. నాకేం కాలేదు."

"నీ మొహం చూపించకు."

"కోపమా?"

"కోపమే. అదే కదా!" ఆమె ఏడుస్తూనే నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. "గంటవి నువ్వే భానూ. గంట కొట్టి అన్నం పెట్టినట్టు, ఏడు రోజులు నీ మొహం చూపించి నాకు ఆ కోపం పెట్టాం. కుక్క కథ నీకు అప్పజెప్పింది నేను. పదికి పది వేసింది నువ్వు. మీ గోడమీద రాసినది అలుపు గురించి కాదు. ఒకే మొహాన్ని రెండోసారి చూపిస్తే ముడిపడిపోతుందని."



"అయితే నన్ను చూస్తే..."

"ముందు చెయ్యి ముడుచుకుంటుంది. నువ్వెవరో తర్వాత గుర్తొస్తుంది. ఆ మధ్యలో నిన్ను చంపేస్తాను."

ఆ పూటే అతను స్నేహితుడి గదికి వెళ్ళిపోయాడు. బ్రష్షు మర్చిపోయాడు. ఆదివారమంతా కుందన ఆ రెండు బ్రష్షుల గ్లాసు వంకే చూస్తూ కూర్చుంది.

*

పరివర్తన కేంద్రం భీమిలి దారిలో సరుగుడు తోటల మధ్య ఉంది. గదిలో నేలకి బిగించిన బల్ల, ఫ్లాస్కు, రెండు గ్లాసులు. అద్దం వెనక ఇంటర్వ్యూ బోర్డు. బోర్డు అధ్యక్షురాలు డాక్టర్ విశాలాక్షి స్వయంగా వచ్చి కుందన ముంజేతులకి పట్టీలు చుట్టింది. వెలిసి నారింజ రంగుకి తిరిగిన చేతులు చూసి, "కొత్త పెళ్ళికూతురివా?" అని అడిగింది.

"అవునండీ."

"ఈ ఉద్యోగంలో రోజూ పట్టీ ఉంటుంది. ఖైదీల ఒళ్ళు ఎలా ఉడుకుతుందో తెలిసినవాళ్ళే వాళ్ళతో మాట్లాడగలరు. తొమ్మిది నిమిషాలు. మైకు ఆన్‌లో ఉంటుంది."

ఎదుటి కుర్చీలోకి వార్డరు ఒక మనిషిని తీసుకొచ్చాడు. యాభై దాటినవాడు. తెల్లటి చొక్కా, నెరిసిన గడ్డం, పొలం చేసి బండబారిన వేళ్ళు. పేరు అప్పలసూరి అని కాగితంలో ఉంది.

మీట నొక్కారు. దవడ బిగిసింది, మెడలోంచి వేడి దిగింది. కుందనకి వెంటనే తెలిసిపోయింది. ఇది పదిహేడో ముద్ర. వారం రోజుల్నుంచి తన ఒంట్లో కాపురం ఉంటున్న కోపం. అది ఎదుటి మొహంలోకి దూకి, మీసం కోసం, ఆ నవ్వు కోసం వెతికింది. దొరకలేదు. నరాలు తెగేలా లాగుతున్నా, ఎటు దూకాలో తెలియక ఒంట్లోనే తిరిగింది. ఆమె ఫ్లాస్కు మూత తీసి టీ పోసింది. చుక్క ఒలకలేదు.

"తీసుకోండి."

అతను టీ తీసుకోలేదు. ఆమె కుడి పిడికిలి వంక చూస్తున్నాడు.

"ఆ బొటనేలు నాదమ్మా," అన్నాడు.

అద్దం వెనక ఎవరో కుర్చీలో కదిలారు.

"మా ఇంటి పేరుగలోళ్ళందరం అలాగే ముడుస్తాం. మా అయ్య, మా అన్న, నాను. ఏలు ఇరిగిపోతాదిరా అని మా అన్నే తిట్టీవోడు." అతను నవ్వబోయి ఆగాడు. "మీ ఒంట్లో ఉన్నాది నాను. ఎలగుంది తల్లీ, బరువుగా ఉందా?"

"బరువుగా లేదు," అంది కుందన. పళ్ళు కరుచుకుని ఉన్నాయి, మాట నిజంగానే వచ్చింది. "హాయిగా ఉంది. అదే భయం."

"అదే!" అన్నాడు అప్పలసూరి, ఇన్నాళ్ళకి ఎవరో తన భాష మాట్లాడినట్టు. "నాను మా అన్నని ఒకపాలి కొట్టినానమ్మా. నీటి గట్టు కాడ తగువు. సేతిలో పార ఉన్నాది. ఒకే దెబ్బ. తల రెండైపోనాది. తప్పు సేసినాను, శిచ్చ పడింది, పడాల్సిందే. కానీ ఆళ్ళు ఈ పట్టీలు కట్టి, మా అన్న పొటో ఎదర పెట్టి, ఆ తగువులో తిట్లే తిట్టిన్సి, నాకు కోపం రప్పిన్సి పట్టుకున్నారు. సరిగ్గా రాలేదని మళ్ళీ. ఇంకా గట్టిగా రావాలని మళ్ళీ. నలబై మూడు పాలీలు. రేపొకటుంది. నాను సంపినాది ఒక్కపాలి, ఆళ్ళు సంపిన్సింది నలబై మూడు."

కుందన రెండో గ్లాసులో తనకి టీ పోసుకుంది. 

"సిన్నప్పుడు నన్ను బుజాల మీద ఎక్కిన్సుకుని తీర్థానికి తీసుకెల్లినోడమ్మా ఆడు. జీళ్ళు కొనిపెట్టినాడు. ఆ మొకం నాకుండీది. జైల్లో కూడా ఉండీది. ఇప్పుడు ఆడ్ని తల్సుకుంటే ముందు ఈ సెయ్యి ముడుసుకుంతాది. జీళ్ళు కొన్న మొకం పోనాది." బల్లమీదికి వంగాడు. "మీరు నన్ను ఇంత బాగా మోస్తన్నారంటే ఇంటికాడ శానా పాలీలు తొడుక్కున్నారు. ఎదర ఎవుల్ని కూకోబెట్టినారమ్మా?"

మైకు ఆన్‌లో ఉంది. ఎవరూ లేరని చెప్పొచ్చు. రేపటికల్లా ఉద్యోగం కాగితం ఇంటికొస్తుంది. ఆరు ఖాళీల్లో ఒకటి. నిజం చెబితే తన ఉద్యోగమూ పోతుంది, భానోజీదీ పోతుంది.

ఎదుటి మనిషి గోళ్ళు అరచేతిలోకి దిగబడి ఉన్నాయి. సరిగ్గా తనవి దిగబడినంత లోతుగా.

"నా భర్తని," అంది కుందన. "ఏడు రోజులు. పద్నాలుగుసార్లు. శనివారం పట్టీ లేకుండా ఆయన్ని కొట్టాను. నాలుగు కుట్లు పడ్డాయి. ముద్ర ఆయనే ల్యాబునుంచి తెచ్చారు, నేను వద్దనలేదు."

తొమ్మిది నిమిషాల గంట మోగింది. మీట ఆగింది. కోపం ఒంట్లోంచి నీళ్ళలా జారిపోయాక కుందన చేతులు బల్లమీద వాలిపోయాయి. డాక్టర్ విశాలాక్షి తలుపు తీసుకుని వచ్చింది, మొహంలో రంగు లేదు.

"చెయ్యి ఎత్తలేదు. టీ ఒలకలేదు. ఈ రెండేళ్ళలో ఇంత బాగా చేసినవాళ్ళు లేరు," అంది. "ఆ చివరి మాట నేను వినకపోయి ఉంటే..."

"విన్నారు కదండీ," అంది కుందన. "పోయిన ఏడాది మీరు తీసుకున్నవాళ్ళు ఇంట్లో ఎవర్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నారో అడగండి. వాళ్ళంతా ఇళ్ళకి ఎలా వెళ్తున్నారో అడగండి."

 విశాలాక్షి ఒక చేత్తో తన రెండోచేతి మణికట్టు రుద్దుకుంది, అక్కడ పట్టీ రాసి రాసి నల్లబడిన చోట. తర్వాత వార్డరుతో, "రేపటి రికార్డింగు ఆపమని చెప్పు. నేను సంతకం పెడతాను," అంది.

కుందన లేవబోతూ అప్పలసూరి వైపు తిరిగింది. "దీన్ని విప్పే పద్ధతి ఉంది బాబాయ్. మేం చదువుకున్నాం. ఆ మొహాన్నే కోపం లేకుండా, దూరంగా, కొంచెం కొంచెంగా చూస్తూ రావాలి. గంట కొట్టి అన్నం పెట్టకుండా ఉంటే, కొన్నాళ్ళకి ముడి సడలుతుంది."

"ఎవుల్ని నిలబెడతారమ్మా దూరంగా?" అన్నాడు అప్పలసూరి. "మా అన్న లేడు కదా."

కుందన లేవబోయినదల్లా మళ్ళీ కూర్చుంది.

"మీ ఆయనున్నాడు," అన్నాడు. చల్లారిపోయిన టీ అప్పుడు చేతిలోకి తీసుకున్నాడు. "ఎల్లండి తల్లీ."

*

గేటు బయట ఎండ విరగకాస్తోంది. రోడ్డుకి అవతలివైపు, సరుగుడు చెట్టు నీడలో, ఒక మోటారుసైకిలు. దానిమీద హెల్మెట్ తియ్యకుండా, మొహం అటు తిప్పుకుని కూర్చున్న మనిషి. రావద్దని చెప్పినా వచ్చాడు. వీపు చూసినా కుందన బొటనవేలు కొద్దిగా కదిలింది. చెయ్యి చున్నీలో చుట్టుకుని ఫోను చేసింది.

"తిరక్కు. అలాగే ఉండు."

"అయ్యిందా?" అన్నాడు భానోజీ, సముద్రం వైపు చూస్తూ.

"అంతా చెప్పేశాను. నీ ఉద్యోగం పోతుందేమో."

కాస్త ఆగాడు. "తుక్కు పట్టీలు అతికించే చేతులు. ఎక్కడో ఒకచోట మిక్సీలైనా బాగుచేస్తాయి. నీ చెయ్యి ఎలా ఉంది?"

అంత దెబ్బ తిన్నవాడు అడిగిన ప్రశ్న అది. కుందన గేటు ఊచలకి ఆనుకుని కళ్ళు తుడుచుకుంది.

"ఆషాఢం ఎప్పుడైపోతుంది?" అన్నాడు మళ్ళీ.

"అమ్మ క్యాలెండరులో ఇంకా పదహారు రోజులు."

"మనది?"

"తెలీదు భానూ. నెలలు పట్టొచ్చు. విను, చెబుతున్నాను. మద్దిలపాలెం హైవే మీద ఎదురెదురుగా రెండు టీ బడ్డీలున్నాయి కదా. రేపు పొద్దున ఏడింటికి నువ్వు అవతలి బడ్డీ దగ్గరికి రా. నేను ఇవతల ఉంటాను. మధ్యలో రోడ్డంతా బస్సులు, లారీలు, మూడడుగుల డివైడరు. పరుగెత్తినా నిన్ను చేరలేను. కుర్చీలో కూర్చోకు, నిలబడు. గొంతు సవరించకు. నాతో మాట్లాడకు."

"మరేం చెయ్యను?"

"హెల్మెట్ తియ్యి. రెండు చెంచాల పంచదార వేయించుకుని టీ తాగు. మొదటి గుక్కకి కళ్ళు మూసుకుంటావు చూడు, ఆ మొహం నేను చూడాలి. ఒక్క గ్లాసు అయ్యేదాకా. చెయ్యి ముడుచుకోకపోతే, ఎల్లుండి డివైడరు దాకా వస్తాను."